నా పేరు మీద వచ్చిన రిపోర్టు

మహేష్ సంబంధం మొదట మా ఇంటికే వచ్చింది. మస్కట్‌లో పని చేసే పిల్లవాడు. వాళ్లమ్మ నేనిచ్చిన చాయ్ తాగుతూ ఎంత చదివావని అడిగింది. "తొమ్మిది" అన్నాను. నేను తాండూరులో బండల పాలిష్ మిషన్ దగ్గర పని చేస్తానని మా అమ్మ చెప్పింది. నా గోళ్లలోని తెల్ల దుమ్ము చూసి మహేష్ వాళ్లమ్మ కప్పు కింద పెట్టింది. వారం తిరక్కుండా అదే సంబంధం మా పెద్దనాన్న కూతురు ప్రియదర్శినికి ఖాయమైంది.

అక్క డిగ్రీ చదివింది. పెద్దేముల్‌లో ప్రైవేటు బడి టీచర్. చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. ఆమె నవ్వితే అందరూ అటే చూస్తారు. చూడొద్దనుకుంటూనే నేనూ చూస్తాను.

మా చర్చిలో పెండ్లికి ముందు మూడు ఆదివారాలు జంట పేర్లు చదువుతారు. ఇద్దరి హెచ్ఐవీ పరీక్ష కాగితాలు చేతికొస్తేనే పాస్టరయ్య చదువుతారు. మహేష్ తన కాగితం పంపాడు. అక్క నన్ను చాటుకు పిలిచింది.

"శ్యామలా, చిన్నప్పుడు ఆటో బోర్లపడితే నాకు రక్తం ఎక్కిచ్చిన్రు, యాదుందా? జర భయమైతుందే. ఏమన్న ఉంటే పెండ్లి పోతది, వీసా గూడ ఇయ్యరట. ముందుగాల ఎవ్వలకు తెల్వకుంట చూపిచ్చుకుంట. తోడు రావే."

ఉంటే బాగుండు అనిపించింది. పైకి మాత్రం "వస్త" అన్నాను.

తాండూరులో అందరూ తెలిసినవాళ్లే. అందుకని రైలెక్కి వికారాబాద్ సర్కారు దవాఖానకు పోయాం. పరీక్ష గదిలో పేరు అడిగారు. అక్క నా వైపు చూడకుండా "శ్యామల" అంది. ఊరు, తండ్రి పేరు కూడా నావే చెప్పింది.

బయట బెంచీ మీద కూర్చున్నాక అడిగాను. "నా పేరెందుకు చెప్పినవక్కా?"

"నీకేందే, నిన్నెవ్వలు గుర్తువడ్తరు? నేనైతే టీచర్ని."

రోగం ఉండాలని కోరుకున్నదాన్ని నేనే. ఇప్పుడు ఉంటే నా పేరు మీదే రాస్తారు. ప్రభువా, ఉండొద్దని ఆ గంటసేపు ఆమెకంటే నేనే ఎక్కువ ప్రార్థించాను.

లేదని వచ్చింది. అక్క నన్ను పట్టుకుని ఏడ్చింది. కళ్లు తుడుచుకుని కాగితం చదివాక గానీ ఆమెకు తట్టలేదు.

"అయ్యో, గిది పాస్టరయ్యకు ఎట్లిస్తనే?"

"ఇయ్యలేవు. నా పేరుంది" అని కాగితం నేనే తీసుకున్నాను. ఆమెతో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

మరునాడు తాండూరులోనే, అందరూ చూస్తుండగా, సొంత పేరు మీద చేయించుకుంది. మూడు ఆదివారాలు పేర్లు చదివారు. పెండ్లయింది, మస్కట్ పోయింది. మొన్న వీడియో కాల్‌లో గొంతు తగ్గించి అడిగింది.

"గా కాగితం చింపేసినవా?"

"ఎప్పుడో చింపిన."

చింపలేదు. నా పెట్టెలో బట్టల కింద ఉంది. నాకొచ్చిన సంబంధం ఆమెకు పోయింది. ఆమెదంటూ నా పేరు మీద ఉన్నది అదొక్కటే.