గిర్దావరు తలపాగా

షగుఫ్తా ఎల్లారెడ్డిలో పుట్టి, కామారెడ్డిలో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతోంది. "అయిపోయిన ముచ్చట్లు చెప్పుడు గూడ నౌకరేనా?" అని వాళ్లమ్మ కుల్సుం మొదటి జీతం వచ్చేదాకా నమ్మలేదు. నమ్మాక కూడా చుట్టాల దగ్గర 'లెక్కల మేడం' అనే చెప్పుకుంది.

షగుఫ్తా పరిశోధన మాత్రం ఏడేళ్లుగా ఒక్కచోటే చతికిలబడింది. నిజాం కాలంలో ఇక్కడి రైతులు అధికారులకు ఎదురు తిరిగారని ఆమె వాదన. "ఎవరు తిరిగారమ్మా? పేరు చెప్పు, కాగితం చూపు" అంటాడు హైదరాబాదులోని గైడు. పాత దఫ్తరాలన్నీ గాలించింది. ఎక్కడ చూసినా 'అంతా ప్రశాంతం' అనే రాసి ఉంది.

గొలుసుకట్టు ఉర్దూ చదవడం నానమ్మ దగ్గర నేర్చుకుంది కనుక, ఇంట్లో పాత భూమి కాగితమున్న ప్రతివాళ్లూ ఆమెను వెతుక్కుంటూ వచ్చేవారు. అలాగే లింగంపేట నుంచి కిష్టయ్య, ఆయన భార్య కమలవ్వ వచ్చారు. కిష్టయ్య పట్టుగుడ్డ మూట విప్పి, పసుపు బొట్లు పెట్టిన కాగితం తీశాడు.

"మా తాత పోశయ్యకు సర్కారు ఎనిమిదెకరాలు ఇనాం ఇచ్చిన కాయితం మేడం. మూడు తరాల సంది దేవుని అర్రల పెట్టి మొక్కుతున్నం. జర సదువు."

షగుఫ్తా చదివింది. మళ్లీ చదివి, పెదవి కొరుక్కుంది.

"ఇది ఇనాం కాదు కాకా, సమను. శిస్తు రాయనీకి వచ్చిన గిర్దావరును మీ తాత బురదల కూలేసిండంట. తలపాగా ఇప్పి ఎద్దు కొమ్ములకు కట్టిండంట. కచేరికి రమ్మని రాసిన్రు."

కిష్టయ్య మొహం మాడిపోయింది. "నలభై ఏండ్ల సంది బొట్లు పెడుతున్న, గీ కచేరి కాయితానికా!" అంటూ కమలవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కిష్టయ్య కాగితం లాక్కుని విసవిసా బస్టాండు దారి పట్టాడు.

పేరు, ఊరు, తేదీ, ముద్ర. తను ఏడేళ్లు వెతికింది పట్టుగుడ్డలో నడిచిపోతోందని షగుఫ్తాకు అప్పుడు తట్టింది. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది.

"కాకా, ఒక్క ఫోటో!"

"ఇజ్జత్ తీసినవు, ఇగ ఫోటో గూడ కావాల్నా?"

"ఇజ్జత్ యాడ పోయింది? దఫ్తరాలన్ని దేవులాడిన. సర్కారుకు గట్ల ఎదురువడ్డోడు ఒక్కడు దొరకలే."

కిష్టయ్య ఆగాడు. "ఒక్కడు గూడ?"

"ఒక్కడు గూడ."

ఆయన మీసం సవరించుకున్నాడు. కాగితం గుండెకు ఆనించి, ఫోటోకు తనూ నిలబడ్డాడు.

ఆ ఏడే షగుఫ్తాకు డాక్టరేటు వచ్చింది. అసలు తిప్పలు తర్వాత మొదలయ్యాయి. కిష్టయ్య తాత కథ దోమకొండ దాకా పాకింది. దాంతో ఒకరోజు మార్కండేయ అనే పెద్దాయన తన కాగితం పట్టుకొచ్చాడు. అది నిఖార్సైన ఇనాం. ఆరెకరాలు. షగుఫ్తా సంతోషంగా ఆ మాటే చెప్పింది.

ఆయన మొహం వాడిపోయింది. "గంతేనా? మా తాత ఎవ్వర్ని కూలెయ్యలేదా? ఎనుక దిక్కు గూడ జర చూడు మేడం."