అక్కకు మచ్చ, నాకు కుళ్ళు

మా అక్క పోయిందన్న కబురు పోయిన నెల గురజాల బస్సు కండక్టరు తెచ్చాడు. మిరపకల్లంలో ఉన్నాను. రెండు రోజుల జ్వరం, అంతే. చెబితే సిగ్గుచేటు గాని, కన్నీళ్ళకంటే ముందు నాకొచ్చిన ఆలోచన, ఈ సంగతి ముందు తమ్ముడికి చెప్పారా, నాకా అని. తమ్ముడికే చెప్పారు. అక్క దగ్గర నాదెప్పుడూ రెండో చోటే.

ఆరేళ్ళ కిందట తమ్ముడి కిడ్నీలు రెండూ పాడైపోయాయి. అమ్మకు షుగరు, ఆమెది పనికిరాదన్నారు. మద్రాసు ఆస్పత్రిలో అక్కకూ నాకూ రక్తం తీసి చూశారు. ఇద్దరివీ కలిశాయి, ఎవరిదైనా సరేనన్నాడు డాక్టరు. తమ్ముడు అప్పుడు వార్డులో ఒళ్ళు తెలియకుండా పడున్నాడు.

అమ్మ గబుక్కున లేచి నా చెయ్యి పట్టుకుంది. "వీడు అరక తోలేవాడయ్యా, పెళ్ళాంబిడ్డలు గలవాడు. ఒక్క కిడ్నీతో మగాడు ఏం బరువెత్తుతాడు?"

"నాకు మాత్రం మొగుడూ పిల్లలూ లేరా ఏందే అమ్మా?" అని అక్క నవ్వింది. ఆ నవ్వుతోనే, "నాది తీసుకోండి సారూ" అనేసింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను.

ఆ వార్డులో ఇచ్చినవాళ్ళు ఒక తల్లి, ఇద్దరు భార్యలు, మా అక్క. పుచ్చుకున్నవాళ్ళంతా మగవాళ్ళే. కాస్త తేరుకున్నాక అక్క అటూ ఇటూ చూసి, "ఏందిరా, ఆడోళ్ళకి కిడ్నీలు చెడిపోవా? చెడినా ఇక్కడిదాకా ఎవరూ తీసుకురారా?" అంది. నేను మంచినీళ్ళు తాగమన్నాను. ఏడాది తిరక్కుండానే అక్క చంకలో ఒక బిందె, నెత్తిన ఒక బిందెతో అమ్మ ఎదుటే, నా ఎదుటే నడిచింది.

తమ్ముడికి మాత్రం ఇక లోకంలో అక్క ఒక్కతే. ఆదివారం వస్తే నరసరావుపేటలో బస్సెక్కి అక్క గుమ్మంలో దిగేవాడు. కూతురు పుడితే అక్క పేరే పెట్టాడు. రైళ్ళలో, బస్సుల్లో వాణ్ణి భుజాన వేసుకుని తిప్పింది నేను. ఆ మాట ఎవరి నోటా రాదు. అక్క నడుం మీది కుట్ల మచ్చ కంటబడితే నాకు ఒళ్ళు మండిపోయేది. కోతకు జడిసింది నేనే, ఆ మచ్చ నాకు లేదని కుళ్ళిందీ నేనే.

ఎవరు గొడవకొచ్చినా అక్కది ఒకటే మాట, "ముందు తిను, తర్వాత తిట్టు." ఒకసారి నేనూ గొడవకే వెళ్ళాను.

"నాదీ కలిసింది గదక్కా! వాడికి నేనేమీ కానట్టు చూస్తాడేంది?"

పెనం మీద జొన్నరొట్టె తిప్పుతూ, "కలిసిందిరా. మరి ఆ పూట నోరెందుకు తెరవలేదు?" అంది. అంతలోనే ఆ రొట్టె నా పళ్ళెంలో వేసి, "తిను, చల్లారిపోద్ది" అంది. నన్ను దెప్పటం అదే మొదలు, అదే చివర.

దహనమయ్యాక కాలవలో మునిగి వస్తుంటే తమ్ముడు నా పక్కకి చేరాడు.

"అన్నా, అక్క ఎప్పుడూ చెప్పేది. నీది కలవలేదని ఆస్పత్రి మెట్ల మీద కూచుని చానా ఏడ్చావంట గదా. కలిసుంటే తనని ఆపరేషన్ బల్ల ఎక్కనిచ్చేవాడివే కాదంట."

వాడి కళ్ళలో నేను చిన్నబోకుండా అక్క ఆరేళ్ళు అబద్ధమాడింది. దణ్ణం పెట్టుకోవాల్సిన చోట కూడా, ఒట్టు, కుళ్ళే పుట్టుకొచ్చింది. ఈ మంచితనమూ తనకేనా, ఇందులోనూ తనదే పైచేయా అని. అప్పుడూ నోరు పెగల్లేదు. అందుకే పదిమందీ చదివే చోట రాస్తున్నాను. తమ్ముడూ, నాది కలిసింది. నేనే ఇవ్వలేదు.

ఆ మధ్యాహ్నం నా కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే, అక్క కోసమేననుకున్నాడు వాడు. ఎండ మాడ్చేస్తోందని తన తడి తువ్వాలు నా తలమీద కప్పి, నా చెయ్యి పట్టుకుని, చెప్పుల్లేని కాళ్ళతో ఊళ్ళోకి నడిపించుకుపోయాడు.