వేలిముద్ర పైన రాసింది

ఖాజాగూడ చెరువు గట్టు దాటి, పెద్ద పెద్ద బండల సందుల్లోంచి గంటసేపు ఎక్కితే పైన చదును నేల వచ్చేది. కింద నుంచి చూసే వాళ్ళకి అది మామూలు రాళ్ళ గుట్టలా కనిపించేది గానీ, పైకెక్కితే పొద్దున బయల్దేరిన మనిషి అవతలి అంచు చేరేసరికి సాయంత్రమయ్యేంత మైదానం. సీతాఫలం పొదలు, బోద గడ్డి, నీళ్ళు నిలిచిన రాతి గుంటలు. తొంభైల చివర్లో నేను దాని మీద ఒకే ఒక్కరోజు నడిచాను. ఆ గుట్టకి ఊళ్ళో వాళ్ళు పిలుచుకునే పేరొకటి ఉంది. దాన్ని ఇక్కడ రాసే అర్హత నాకు లేదు కాబట్టి రాయను.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. కాకినాడ నుంచి వచ్చి మూసాపేటలో ఇద్దరమ్మాయిలతో కలిసి గది కిరాయికి తీసుకుని, పంజగుట్టలో ఒక చిన్న సర్వే కంపెనీలో కంప్యూటర్ మీద పటాలు గీసే ఉద్యోగం చేసేదాన్ని. మాదాపూర్ వైపు అద్దాల భవనాలు లేస్తున్న రోజులవి. ఊరి చుట్టూ ఉన్న ప్రతి గుట్టనీ ఎవరో ఒకరు కొలిపిస్తున్నారు. బయటికి వెళ్ళి కొలిచేవాళ్ళందరూ మగవాళ్ళు, వాళ్ళు తెచ్చిన అంకెల్ని ఫ్యాను కింద కూర్చుని గీసేదాన్ని నేను. నన్నూ పంపండని మా మేనేజరు గారిని ఎన్నిసార్లు అడిగానో! ఎండలో ఆడపిల్లవేం నడుస్తావమ్మా అని నవ్వి ఊరుకునేవాడు. చివరికి ఫీల్డుకి వెళ్ళాల్సిన అతనికి కామెర్లు వచ్చి, ఇంకెవరూ దొరక్క, పోయి రామ్మా అన్నాడు. ఆ సాయంత్రమే కోఠీ వెళ్ళి కాన్వాసు బూట్లు కొనుక్కున్నాను. కొత్త బూట్లతో కొండెక్కకూడదని చెప్పేవాళ్ళు మా గదిలో లేరు.

పని చిన్నదే. ఎత్తుపల్లాల కొలతలు తర్వాత వేరే వాళ్ళు తీసుకుంటారు, పైన ఏమున్నాయో చూడటం వాళ్ళ పని కాదు. ముందు ఒకరు గుట్టంతా నడిచి చూసి, పైన ఏమున్నాయో సైట్ షీటు అనే ఒక కాగితం మీద రాసుకురావాలి. బావులు, చెట్లు, దార్లు, కట్టడాలు. కట్టడాలుంటే మాత్రం ఒక్కోదానికీ విడిగా బొమ్మ గీయాలి, నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయాలి. చివర్లో ఊరి మనిషి ఒకరు తోడుండి అన్నీ చూపించినట్టు సంతకం పెట్టాలి. ఆ నిబంధన మా మేనేజరు గారు పెట్టిందే. రేపు ఎవరైనా వచ్చి తగాదా పెడితే, మీ ఊరి మనిషే సంతకం పెట్టాడుగా అని చూపించడానికి.

నాకు తోడొచ్చిన ఊరి మనిషి గొర్రెల కాపరి. అరవై దాటిన ముసలాయన. తల మీద ఎర్ర రుమాలు, భుజాన గొంగడి, చేతిలో కర్ర. చెరువు దగ్గర నా కోసం పొద్దున ఏడింటికే నిలబడి ఉన్నాడు. నా బూట్లు చూసి ఏదో అనబోయి మానేశాడు. నేను తాతగారూ అని పిలిస్తే ఆయనకి తెగ నవ్వొచ్చింది. గారు ఎందుకు, నేనేమన్న పట్వారినా అన్నాడు. పుట్టిన దగ్గర్నుంచి ఆ గుట్ట మీదే గొర్రెలు మేపాడట. నడుస్తూ నడుస్తూ ఏ బండ సందున తేనెపట్టు ఉంటుందో, ఏ గుంటలో ఎండాకాలం కూడా నీళ్ళుంటాయో చెప్పేవాడు. అవన్నీ కాగితం మీద రాసేవి కావు కాబట్టి నేను ఊఁ కొడుతూ ఫొటోలు తీసుకున్నాను.

ఆ ఫొటోల సంగతి చెప్పాలి. ఆఫీసు కెమెరాలో ముప్పయ్యారు ఫొటోల రీలు ఒకటుంది. కెమెరా నా చేతికి రావడం అదే మొదటిసారి. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టున్న బండలు, దూరంగా మాదాపూర్లో గుండ్రటి భవనం, దాని పక్కన క్రేన్లు, రాతి గుంటలో ఆకాశం. ముసలాయనకి మీట ఎక్కడ నొక్కాలో నేర్పి, నేను బండ మీద నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి, నాలుగో ఐదో తీయించుకున్నాను. ఇంటికి పంపితే మా అమ్మ మురిసిపోతుందనుకున్నాను. పదకొండు గంటలకల్లా రీలు అయిపోయింది. అయిపోయినందుకు అప్పుడు బాధ కూడా వేయలేదు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి అసలు గుట్ట మొదలైంది. ముందు ఒక కూలిన గోడ. ఒక్కో రాయి దూలమంత, మధ్యలో సున్నం లేదు, మట్టి లేదు. దాని చివర సగం మిగిలిన బురుజు. ఆ తర్వాత నాలుగు స్తంభాల మండపం, పైకప్పు పడిపోయి, రెండు స్తంభాలే నిలబడి ఉన్నాయి. ఇంకా ముందుకు వెళ్తే గడ్డిలో గుండ్రంగా నాటిన రాళ్ళు. ఒక వలయం, దాని పక్కన ఇంకొకటి, అలా పన్నెండు లెక్కపెట్టాను. ఊళ్ళలో వాటిని రాకాసి గుళ్ళంటారని చిన్నప్పుడు పుస్తకంలో చదివాను. ఇనుము కొత్తగా వచ్చిన కాలపు మనుషులు తమ చనిపోయిన వాళ్ళని పెట్టిన చోట్లట. చదవడమే గానీ చూడటం అదే మొదలు. ఒళ్ళు జలదరించాలి నిజానికి. కానీ నా రెండు మడమలూ అప్పటికే బొబ్బలెక్కి చిట్లిపోయి ఉన్నాయి. నాకు తట్టింది ఒక్కటే. ఇవన్నీ కట్టడాలు, ఒక్కోదానికీ బొమ్మ గీయాలి, నాలుగేసి ఫొటోలు తీయాలి, నా దగ్గర రీలు లేదు.

అన్నిటికంటే పెద్ద వలయం మధ్యలో నిలువెత్తు రాయి ఒకటుంది. దాని మీద గొర్రెని కాళ్ళ దగ్గర పెట్టుకుని, చేతిలో బల్లెంతో నిలబడిన మనిషి బొమ్మ, అరిగిపోయి, పసుపు పూసి. చిరుత మీద పడితే మందని కాపాడుతూ చచ్చిపోయిన తమ వంశపు మనిషని ముసలాయన చెప్పాడు. గొర్రె ఈనినప్పుడల్లా మొదటి పాలు ఇంట్లో ఎవరూ ముట్టరట. తెచ్చి ఆ రాతి కాళ్ళ దగ్గర పోస్తారట. ఆ రోజు కూడా గొంగడి మడతలోంచి చిన్న సీసా తీశాడు. పాలు తెచ్చుకున్నాడు. ముందు రోజు రాత్రి ఒక గొర్రె ఈనిందట. వలయం బయట తన చెప్పులు విడిచి, నా వైపు చూసి, మెల్లగా అన్నాడు.

"చెప్పులు ఇడిసి రా బిడ్డా. మా పెద్దలు ఉన్నరు ఈడ."

బూటు విప్పితే మళ్ళీ కాలికి ఎక్కదని భయం నాకు. వినపడనట్టు ఆ బూట్లతోనే లోపలికి నడిచి, ఆ రాతికి ఆనుకుని నిలబడి మంచినీళ్ళు తాగాను. ఆయన నా బూట్ల వంక చూశాడు. పాలు పోసి, మోకాళ్ళ మీద వంగి, ఏవో పేర్లు వరసగా చెప్పుకున్నాడు. నాకు విసుగొచ్చింది. చీకటి పడేలోపు అవతలి రోడ్డు మీద బస్సు అందుకోవాలి కదా అని గడియారం చూసుకున్నాను.

అవతలి అంచున దిగేసరికి నాలుగున్నర. ఒక వేపచెట్టు కింద కూర్చుని సైట్ షీటు తీశాను. కట్టడాలు అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. ఉన్నాయని రాస్తే ఫొటోలేవని అడుగుతారు. రీలు కడిగించిన రోజు బండల మీద నడుం మీద చెయ్యి వేసుకున్న నేను బయటపడతాను. ఆడపిల్లని పంపితే ఇంతే అని ఆఫీసంతా నవ్వుతుంది. ఆ కాళ్ళతో ఇంకోసారి ఎక్కాలి. ఇవన్నీ ఆలోచించడానికి అర నిమిషం కూడా పట్టలేదు. 'లూజ్ బౌల్డర్స్. నో స్ట్రక్చర్స్' అని రాశాను. అంటే విడి రాళ్ళు, కట్టడాలు లేవు. ఇంగ్లీషులో రాసేసరికి అది అబద్ధంలా కూడా అనిపించలేదు నాకు.

స్టాంపు ప్యాడు తీసి వేలిముద్ర అడిగితే, ముసలాయన వేలు వెనక్కి తీసుకున్నాడు.

"ఏం రాసినవో జర చదువు, నేను ఇంట."

నేను చదివాను. కాగితం మీద వేలు జరుపుతూ, లేని అక్షరాల్ని చదివాను. గుట్ట పైన పాత గోడ, బురుజు, మండపం, పన్నెండు రాతి గుళ్ళు, పెద్ద వలయంలో గొర్రెల కాపరుల పెద్దల రాయి, దీన్ని కదిలించరాదు. ఆ చివరి మాట ఆయన అడక్కుండానే చేర్చాను. అంత తడుముకోకుండా అబద్ధం చదవగలనని అప్పటిదాకా నాకే తెలీదు. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. బాగా రాసినవ్ బిడ్డా, ఇగ ఫికర్ లేదు అన్నాడు. ఆయన బొటనవేలు నేనే పట్టుకుని ప్యాడు మీద అద్ది, నేను రాసిన ఆ రెండు ముక్కల కిందే ఒత్తాను.

తర్వాతి వారం ఆ గుట్ట పటం కూడా నేనే గీశాను. విడి రాళ్ళకి మా పటాల్లో చిన్న చిన్న చుక్కలు వేస్తాం. మౌసు ఒక్కసారి నొక్కితే ఆ చోటంతా చుక్కలతో నిండిపోతుంది. మేనేజరు గారు చూసి, శభాష్, కాగితం శుభ్రంగా ఉందన్నాడు. తర్వాత ఇంకో రెండు గుట్టలకి నన్నే పంపాడు. వాటి మీద బూట్లు విప్పాల్సిన చోట విప్పాను, రీలు దాచుకున్నాను, ఉన్నదంతా రాశాను. అలా రాస్తే ఈ తప్పు కడుక్కుపోతుందేమోనని ఆశ.

ఏడెనిమిది నెలల తర్వాత ముసలాయన ఆఫీసుకొచ్చాడు. రెండు బస్సులు మారి, చేతిలోని కాగితం మీద ఉన్న మా ఆఫీసు అడ్రసు అందరికీ చూపించి దారి అడుగుతూ. నన్ను మెట్ల మీదకి పిలిపించుకున్నాడు. రుమాలు లేదు, తల బోసిగా ఉంది. గుట్ట మీద రాయి కొట్టే మిషన్లు వచ్చాయని చెప్పాడు. మందు పెట్టి పేల్చారని, పెద్ద వలయం ఇప్పుడు కంకర అని చెప్పాడు. గొంతు పెంచలేదు. అసలు సంగతి ఆ తర్వాత చెప్పాడు. మిషన్లు రాకముందే ఊళ్ళో కొందరు పోయి తహసీల్దారుకి అర్జీ పెడదామన్నారట. ఈయనే ఆపాడట. సర్వే బిడ్డ అంతా రాసింది, కదిలించొద్దని రాసింది, నేను నా చెవులతో విన్న, నా వేలు పెట్టిన అని. అంతా ఊరుకున్నారు. తీరా పేల్చాక పోయి అడిగితే, అక్కడి ఇంజనీరు నేను రాసిన సైట్ షీటు జిరాక్సు చేతిలో పెట్టి, విడి రాళ్ళు తప్ప ఏమీ లేవని చదివి వినిపించి, ఇది నీ వేలేగా అన్నాడట. ఊళ్ళో ఇప్పుడు ఈయన గుట్టని అమ్ముకున్నాడంటున్నారు. సొంత అన్నదమ్ములే తమ ఇంట్లో పెళ్ళికి పిలవలేదు. ఈనిన గొర్రె పాలు ఎక్కడ పొయ్యాలో తెలీక, పొలం గట్టు మీద పోస్తున్నాడట.

జిరాక్సు నా చేతికిచ్చాడు. "ఆళ్ళు చదివింది నేను నమ్మలే. పొద్దంత ఎండల నాతోని నడిచిన పిల్ల అట్ల రాయదన్న. నువ్వు చదువు."

ఈసారి ఉన్నదే చదివాను. తెలుగులోనూ చెప్పాను. ఆ రోజు నేను చదివింది కాగితంలో లేదు తాతగారూ అన్నాను. రీలు సంగతి చెప్పాను, బొబ్బల సంగతి చెప్పాను. చెబుతుంటే అవెంత చిన్నవో నాకే వినపడి, సిగ్గుతో సగంలో ఆపేశాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. తన బొటనవేలు వైపు చూసుకుని ఒక్కటే అడిగాడు.

"ఇదే మాట మావోళ్ళ ముంగట చెప్తవా? గుట్ట ఎట్లనో రాదు. నన్నయితే దొంగ అనుకోవద్దు."

ఆదివారం పదింటి బస్సుకి వస్తానన్నాను. మాటిచ్చాను. ఇస్తున్నప్పుడు నిజంగానే వెళ్దామనుకున్నాను.

ఆదివారం బస్సెక్కాను కూడా. ఆ కాన్వాసు బూట్లే వేసుకున్నాను, ఇప్పుడవి మెత్తబడి కాలికి సరిపోయాయి. దారి పొడుగునా ఏం చెప్పాలో మనసులో అనుకుంటూనే ఉన్నాను. కానీ ఊరు దగ్గర పడేకొద్దీ చెప్పాల్సిన మాట పోయి, నలుగురూ నన్ను చుట్టుముట్టడం, ఆ సంగతి ఆఫీసుకి తెలియడం, ఉద్యోగం పోవడం, కాకినాడలో నాన్న ముందు నిలబడటం కళ్ళ ముందుకొచ్చాయి. బస్సు స్టాపులో ఆగింది. ముసలాయన అక్కడే ఉన్నాడు. ఉతికిన తెల్ల చొక్కా, తల మీద మళ్ళీ ఎర్ర రుమాలు. ఆయన వెనక రాతి అరుగు మీద ఐదారుగురు పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. కండక్టరు ఎక్కుతవా తాతా అని అడిగాడు.

"లేదు కొడుకా. ఈ బస్సుల నా బిడ్డ ఒస్తున్నది."

అని, ఆడవాళ్ళ సీట్ల వైపు ఒక్కో కిటికీలోంచీ తొంగి చూసుకుంటూ వచ్చాడు. నా కిటికీ దగ్గరికి వచ్చేసరికి నేను ముందుకు వంగి బూటు లేసు కట్టుకుంటున్నాను. లేసు ఊడలేదు. రైట్ రైట్ అన్న కేక వినిపించి, బస్సు కదిలేదాకా అలాగే వంగి ఉన్నాను.