పిన్ని పీట దగ్గరికి పాట

మా బాబాయి పోయారని ఆయన కూతురు, మా చెల్లెలు, ఫోన్ చేసినప్పుడు నేను దేవుడి దగ్గర దీపం పెడుతున్నాను. వత్తి సరిచేసి, ఆయన పేరున ఒక నమస్కారం చేసుకుని నారాయణగూడలో ఆటో ఎక్కాను. చిక్కడపల్లి చేరేదాకా నా కళ్ళముందు ఉన్నది ఒక మామూలు ఆదివారం పొద్దున.

ఆ ఆదివారం కూడా పూజ చేసుకుని పులిహోర గిన్నెతో వెళ్ళాను. లైబ్రరీ పక్క సందులో రెండో అంతస్తు. కింద తోపుడుబండి మీద టమాటాలు అమ్ముతున్నారు. ఆ కేకలు లోపలికి రాకుండా బాబాయి కిటికీలు మూసి, గుడ్డతో స్పీకర్లు తుడుస్తున్నారు. గది నడుమ ఉన్న కుర్చీ ఆయనది. పిన్ని ఎప్పట్లాగే వంటింటి గడప దగ్గర, కుడివైపు స్పీకరు పక్కన పీట వేసుకుని తోటకూర తుంచుతోంది. పెళ్ళైన నాటినుంచీ ఆమె పాట విన్నది అలా పని చేసుకుంటూనే.

ఒక గాయని పాత కచేరీ పెట్టారు. పాట అయ్యాక పిన్ని తల ఎత్తకుండానే అడిగింది.

“ఈమె ఎప్పుడు జూసినా ఈ డబ్బాలనే కూసుంటదేంది? నడుమకు రాదా?”

పిన్నిది ముషీరాబాద్. మాది కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆమె మాటకు ఆ ఇంట్లో నవ్వేవాళ్ళం తప్ప, ఆగి ఆలోచించింది తక్కువ. ఆ రోజు బాబాయి నవ్వలేదు. లేచి వెళ్ళి పీట పక్కన నేలమీద కూర్చుని అదే పాట మళ్ళీ విన్నారు. పిన్ని చెప్పింది నిజం. రెండు స్పీకర్లతో వినే పాటకు గదిలో మంచి చోటు ఒక్కటే, ఆ నడిమి కుర్చీ. పక్కకు జరిగితే దగ్గరున్న స్పీకరు గొంతును తనవైపు లాక్కుంటుంది. నువ్వొచ్చి కుర్చీలో కూర్చో అంటే పిన్ని రానంది. పొయ్యిమీద పప్పు ఉంది.

“పెద్దమ్మాయ్, మనిషిని జరపకూడదు. పాటనే జరపాలి,” అన్నారు బాబాయి నాతో.

ఆ తర్వాత ఆదివారాలన్నీ డీకోడర్లవే. రెండు స్పీకర్ల కోసం రికార్డు చేసిన పాటను విడదీసి, ముందు మూడింటికి, వెనక రెండింటికి పంచే పెట్టె అది. అందుకోసం బాబాయి ఇంకో మూడు స్పీకర్లు తెచ్చి గోడలకు బిగించారు. మూడు పెట్టెలు పోల్చారు. ఒకటి మా మరిది, అంటే బాబాయి అల్లుడు, కొత్తగా కొనిచ్చింది. ఒకటి స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చింది. ఒకటి కోఠీలో పాత సామాన్ల దుకాణంలో దొరికింది. ఏది మోగుతోందో మాకు తెలియకుండా ఆయన వెనక నిలబడి మార్చేవారు. అంతకుముందు మూడింటి మోతా సమానం చేసేవారు. ఎక్కువ మోగిందల్లా మంచిదనిపిస్తుంది, చెవిని నమ్మేముందు దాన్ని కుదురుగా కూర్చోబెట్టాలి అనేవారు. ధ్యానం గురించి కూడా నాకెవరూ అంత సూటిగా చెప్పలేదు.

ఆయన పరీక్ష ఒక్కటే. కళ్ళు మూసుకుని, పాడే మనిషి ఎక్కడుందో వేలెత్తి చూపించాలి.

కొత్త పెట్టెతో గదంతా నిండిపోయింది. పాట ముగిసి వెనక స్పీకర్లలో చప్పట్లు మోగగానే పిన్ని కళ్ళు తెరిచి వీధి తలుపు వైపు చూసింది.

“చప్పట్లు వెనకనుంచి రావడం న్యాయమే,” అన్నారు బాబాయి. “తంబురా కూడా వెనక్కి పోయింది. అదే అన్యాయం.”

“హాల్లో కూర్చున్నట్టు లేదా మామయ్యా?” అన్నాడు మరిది.

“హాల్లోనే ఉన్నాం బాబూ. కాకపోతే మనల్ని వేదిక మీద కూర్చోబెట్టి తిప్పుతోంది.”

రెండో పెట్టెతో గొంతు నడుమకే వచ్చింది. కానీ మృదంగం మీద గట్టి దెబ్బ పడినప్పుడల్లా తంబురా జడుసుకుని తగ్గేది. మూడోది, పాత పెట్టె, పెద్దగా ఏమీ చేసినట్టే అనిపించదు. గొంతును నడిమి స్పీకరుకు ఇచ్చి, వెనక కాస్త గాలి ఆడినట్టు వదులుతుంది. దాంతో పిన్ని తోటకూర కాడ ఉన్న చేతినే ఎత్తి, గోడకు నడుమ ఉన్న స్పీకరును చూపించింది. నా వేలూ అటే. మరిది వేలూ అటే. పప్పు దించడానికి ఆ పూట బాబాయే వెళ్ళారు.

మీలో ఎవరైనా ఇలాంటి పెట్టె కొనబోతుంటే నా మాట ఇదీ. నడిమి కుర్చీలో కూర్చుని ఎంచుకోకండి. మీ ఇంట్లో అందరికన్నా పక్కగా కూర్చునే మనిషి దగ్గరికి వెళ్ళి వినండి.

కర్మలన్నీ పూర్తయిన సాయంత్రం ఆ గదిలోనే కూర్చున్నాం. పిన్ని ఇక అశోక్‌నగర్‌లో కూతురి దగ్గర ఉండాలన్నదానికి ఎవరికీ అభ్యంతరం లేదు, పిన్నికి కూడా. స్పీకర్ల సంగతి వచ్చేసరికి మాత్రం ఆమె చెయ్యి అడ్డంగా ఊపింది.

“ఎవలకన్న ఇచ్చెయ్యిండ్రి. మీది కిరాయి ఇల్లు. గోడలకు మొలలు కొడితె ఓనర్ ఊకుంటడా? నాకు పాట లేకున్నా నడుస్తది.”

చెల్లెలు ఏడుపు ఆపుకుంటోంది. మరిది తల వంచుకున్నాడు. ఇంటికి పెద్దదాన్నని అందరూ నావైపు చూశారు.

“అక్కడ పిన్ని పీట ఎక్కడ వేస్తావే?” అని చెల్లెల్ని అడిగాను.

“వంటింటి గుమ్మం దగ్గర. అమ్మ ఇంకెక్కడ కూర్చుంటుంది అక్కా?”

మరిది లేచి వెళ్ళి, తను కొనిచ్చిన పెట్టెను పక్కకు పెట్టి, పాత పెట్టె మీద దుమ్ము తుడిచాడు. ఓనరుతో తను మాట్లాడతానన్నాడు. విప్పేముందు ఒక్కసారి వినిపించమన్నాను. అదే కచేరీ. ఎవరూ అడక్కుండానే పిన్ని కళ్ళు మూసుకుంది. కాసేపటికి ఆమె వేలు మెల్లగా లేచి, గోడ నడుమకు తిరిగి, అక్కడే నిలిచింది. పాట అయ్యేదాకా దించలేదు.

ఆ సాయంత్రం మేం అనుకున్నది ఇంతే. అశోక్‌నగర్‌లో ముందు పీట వెయ్యాలి. పిన్ని దానిమీద కూర్చుని వేలు చూపించాకే మొదటి మొల కొట్టాలి.