నూర్ అహ్మద్ చిన్న కారు

ప్రొద్దుటూరు టాక్సీ స్టాండులో నూర్ అహ్మద్‌ది ఒక్కటే మారుతి. కువైట్‌లో తొమ్మిదేండ్లు అరబ్బుల పెద్ద పెద్ద బండ్లు తోలి, ఆ సంపాదనతో కొనుక్కున్నది మాత్రం ఈ అగ్గిపెట్టెను. శుక్రవారం నమాజు నుంచి రాగానే దాన్ని తుడిచే తీరు చూసి భార్య ఖమ్రున్నీసా, "నన్నెప్పుడన్నా ఇంత ప్రేమగా చూసినావా?" అని దెప్పేది.

అవి సుమోల రోజులు. ముందు మూడు, వెనక మూడు సుమోలు లేనివాడు నాయకుడే కాదు. కాబట్టి తన బండి జోలికి ఏ పార్టీవాడూ రాడని నూర్ అహ్మద్ ధీమా. ఆ ధీమా కాస్తా ఒకనాడు పొద్దున్నే మంటగలిసింది. ఊళ్లో అందరూ పెద్దాయన అని పిలిచే ఫ్యాక్షన్ నాయకుడి కుడిభుజం సర్దార్ వచ్చి, "జమ్మలమడుగు కోర్టుకు అన్న నీ కార్లోనే వస్తాడప్పా. ఇంత చిన్న బండిలో అన్న ఉంటాడని ఏ నాకొడుకూ అనుకోడు," అన్నాడు. కాదంటే ఊళ్లో బతకనిస్తారా?

తీరా పోయి చూస్తే పెద్దాయన ఇంటిముందు ఆరు సుమోలు! గుట్టుగా పోవాలన్నది నిజమేగానీ, అన్నను ఒంటరిగా పంపిస్తే మర్యాదేనా అని అనుచరులంతా బయల్దేరారు. పెద్దాయన మారుతిలో కూర్చున్నాడు. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. వెంటనే దిగి సుమో ఎక్కాడు.

"నువ్వు ఖాళీగానే నడుమ రా. పరదాలు తియ్యొద్దు. నేను దాంట్లోనే ఉండానని బాంబులేసేవాళ్లనుకుంటారు."

"అన్నా... నాకు భయమయితాంది."

"భయమేందప్పా, కార్లో నేను ల్యాను గదా!"

ఎంత దయ! బాంబులు పడితే పడేది తనమీదేనని నూర్ అహ్మద్‌కు తెలిసిపోయింది. సగం దారిలో, వాళ్లు మాటువేసే వాగు వంక ఇంకా రాకముందే బండి ఆపేసి, "ఇంజన్ పట్టేసిందన్నా," అన్నాడు. సుమోల్లోంచి నలుగురు దిగి, అతన్ని అందులోనే ఉంచి, కారును మంచంలా ఎత్తి రోడ్డు పక్కన పెట్టి పోయారు. అంత దుమ్ములోనూ అల్లాకు దండం పెట్టుకున్నాడు. అబద్ధం బయటపడకుండా బండిని ఒక ట్రాక్టరుకు కట్టించుకుని ఇల్లు చేరాడు.

ఆరోజు ఎవరూ బాంబులు వెయ్యలేదు. మధ్యాహ్నానికి సర్దార్ ఇంటికొచ్చి మంచిమాటే చెప్పాడు. "సోమవారం మళ్లీ వాయిదా. అన్న నీమీద శానా జాలిపడినాడు. సాయంత్రం మా మెకానిక్కు వచ్చి ఇంజన్ ఇప్పి చూస్తాడు, ఖర్చంతా అన్నదే."

ఇప్పి చూస్తే ఏముంటుంది? నిక్షేపంలాంటి ఇంజన్ ఉంటుంది. పెద్దాయనకు అబద్ధం చెప్పినవాడి గతి ఆ జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

నూర్ అహ్మద్ గేటు వేసి, బండి కింద బేసిన్ పెట్టి ఆయిలంతా దించేశాడు. ఆయిల్ లేకుండా తిప్పితే ఇంజన్ నిజంగానే పట్టేస్తుందని స్టార్ట్ చేసి ఆక్సిలరేటర్ తొక్కిపెట్టాడు. ఖమ్రున్నీసా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అతనూ ఏడ్చాడు.

వేరే బండైతే ఎప్పుడో పట్టేసేది. అది అరగంట తిరిగింది.