ఎడమ పక్కన పోతున్న కారు

ఆ పట్టిక గీసింది నేనే. అందుకే ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం పొద్దుటి దాకా మా అందరినీ పట్టుకున్న భయంలో పెద్ద వాటా నాదే.

మా అక్కవాళ్లు కామాటిపురలో వరసగా ఒంటి గదులుండే ఒక చాల్ రెండో అంతస్తులో ఉంటారు. బావ మేస్త్రి. ఆయన తాత పాలమూరు నుంచి వచ్చి ఈ ఊళ్లో గోడలు కట్టాడు. బావ ఎక్కువగా పాత గోడలు బాగుచేసే పనికి పోతాడు. ఒక్కతే కూతురు. బీకాం చదివి, రెండేళ్లు ఒక కొరియర్ ఆఫీసులో పనిచేసి, అమెరికా వెళ్లి బిజినెస్ చదువుతానని పట్టుబట్టింది. అక్కడి సముద్రపు ఒడ్డు నగరాల్లో గది అద్దెలకే భయమేస్తోందని, దేశానికి నడుమ ఉండే మిడ్‌వెస్ట్ రాష్ట్రాల్లో వెతికి రెండు కాలేజీలు ఎంచుకుంది. మూడోది గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర ఒక ఏజెంటు చూపించాడు. మూడింట్లోనూ సీటు వచ్చింది. ఏది మంచిదో తేల్చమని కాలేజీలు ఇచ్చిన పుస్తకాలూ, కాగితాలూ అన్నీ తెచ్చి నా ముందు పెట్టింది.

"ముప్పై ఏండ్లు పేపర్ల పనిచేసినవ్ గద మామా. నువ్వు చెప్తె నాయిన ఇంటడు."

"మిడ్‌వెస్ట్ అంటె వెస్టర్న్ లైనా, సెంట్రల్ లైనా?" అంది అక్క, పక్కనుంచి. ఆమెకు దిక్కులంటే ఈ ఊరి లోకల్ రైలు దారులే.

"రెండు లైన్లూ కలిసే దాదర్ స్టేషన్ లాంటిది అక్కా" అన్నాను. నవ్వింది గానీ, అక్కడ మంచు మోకాలి లోతు పడుతుందని నేను చెప్పగానే నవ్వు ఆపేసింది.

నాలుగు రోజులు కూర్చుని పట్టిక గీశాను. క్లాసులో ఎంతమంది, పాఠాలు చెప్పేది ఎవరు, చదువుతూ కంపెనీల్లో పని నేర్చుకునే వీలుందా, కారు లేని పిల్ల కూరగాయలకు ఎలా పోవాలి, చదివి బయటపడ్డవాళ్లు ఏం చేస్తున్నారు. మొదటిది చిన్న ఊళ్లో పెద్ద యూనివర్సిటీ, చుట్టూ మక్కజొన్న చేన్లే. రెండోది పెద్ద సరస్సు పక్కన ఉన్న నగరంలో. ఆ రెండింటి కింద చాలా గళ్లు ఖాళీగా మిగిలాయి. మూడో కాలేజీ కింద మాత్రం ఒక్క గడీ ఖాళీ లేదు. ఏజెంటు ఇచ్చిన పుస్తకంలో ప్రతి ప్రశ్నకూ జవాబుంది. వాళ్ల వెబ్‌సైటులోనూ అదే ఉంది. ఒకే మనిషి మాటను రెండు చోట్ల విని ఇద్దరు సాక్షులనుకున్నాను. మా పత్రిక డెస్క్ మీద కొత్తగా చేరినవాడు ఆ పని చేస్తే నేనే తిట్టేవాణ్ణి.

మూడో పుస్తకం అట్ట మీద ఎర్ర ఇటుకల భవనం, దాని ముందు రోడ్డు, రోడ్డు మీద పోతున్న తెల్ల కారు. అక్క ఆ బొమ్మను చాలాసేపు చూసింది.

"గీ జాగ ఎందుకో మన లెక్కనే కొడుతున్నది తమ్మీ. పరాయి దేశమనిపిస్తలేదు."

మూడోదే మంచిదని చెప్పేశాను. శనివారం సాయంత్రం మేనకోడలు పాస్‌పోర్టూ, అసలు మార్కుల షీట్లూ, డిగ్రీ సర్టిఫికెట్టూ ఉన్న ఫైలు పట్టుకెళ్లి ఏజెంటుకు ఇచ్చింది. సోమవారం అవి పై ఆఫీసుకు పోతాయని అతను చెప్పాడట. రసీదు ఇవ్వలేదు. ఇది అలవాటేనన్నాడట.

ఆదివారం బావకు సెలవు. అన్నం తిని, నేల మీద పడుకుని, మూడు పుస్తకాలూ పొట్ట మీద పెట్టుకున్నాడు.

"నాకు ఇంగ్లీషు రాదు, బొమ్మలన్న చూడనియ్యి" అన్నాడు. కాసేపటికి లేచి కూర్చున్నాడు. "ఏం బామ్మర్దీ, గీ రెండు కాలేజీలది ఒక్కటే బిల్డింగా?"

"నీకు ఎర్రగ కనపడ్డదల్లా ఒక్కటే బిల్డింగ్ బావా."

"నీకు అక్షరాలన్ని ఒక్క తీరే కనపడ్తయా? నాకు గోడలు గట్ల కనపడయి. ఇట్ల రా."

మొదటి కాలేజీ పుస్తకంలో, లోపలి పేజీలో, లైబ్రరీ ఫొటో ఉంది. దానిలో కుడి మూల, కిటికీ కింద, ఇటుకలు కొంచెం వెలిసిన రంగులో మెట్లు మెట్లుగా దిగుతున్నాయి. అక్కడ గోడ పగిలితే తీసి కొత్త ఇటుక అతికారని బావ చెప్పాడు. తర్వాత మూడో పుస్తకం అట్ట చూపించాడు. అదే కిటికీ, అవే మెట్లు. కాకపోతే ఎడమ మూలన.

"ఒక్కటే చెయ్యి పెట్టిన అతుకు ఇది. అద్దంల చూసినట్టున్నది గంతె."

నేను నవ్వబోయి ఆగిపోయాను. మా డెస్క్ మీద ఒకసారి పేజీ అందం కోసం ఒక క్రికెట్ ఆటగాడి ఫొటోను తిప్పి వేశాం. కుడిచేతి వాడు తెల్లారేసరికి ఎడమచేతి వాడయ్యాడు. వారం పాటు పాఠకుల ఉత్తరాలు వచ్చాయి. తిప్పిన ఫొటో ఎలా ఉంటుందో నాకు తెలియాలి.

మేనకోడలు అట్టను ఫోనుతో ఫొటో తీసి, అటుది ఇటు తిప్పి, మొదటి పుస్తకం పక్కన పెట్టింది. ఆకాశం రంగు మార్చారు, పేరున్న బోర్డు కత్తిరించారు. మిగతాదంతా అదే. తెల్ల కారు కూడా అదే.

అప్పుడు కారును చూశాను. మొదటి పుస్తకంలో అది రోడ్డుకు కుడి పక్కన పోతోంది, ఆ దేశంలో పోవలసినట్టే. మూడో దానిలో ఎడమ పక్కన, మన సిటీ బస్సులూ టాక్సీలూ పోయినట్టు. అక్కకు మన లెక్కనే అనిపించింది అందుకే. మేం ధైర్యం తెచ్చుకున్నది సరిగ్గా ఆ తప్పును చూసే.

కింద గల్లీలో ఎవరో తోపుడు బండిని లాగుతున్న చప్పుడు.

"మామా, నా పాస్‌పోర్ట్ ఉన్నది గద వాని దగ్గర" అంది పిల్ల.

ఏజెంటుకు ఆరుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. నా ఉద్యోగంలో అలాంటి వార్తలు ఎన్నో చూశాను: కాలేజీ అసలే లేదని విమానాశ్రయం నుంచే వెనక్కి పంపిన పిల్లలు. చోటు చాలక వాటిని నాలుగు లైన్లకు కుదించేవాణ్ణి. వాళ్ల పేర్లు ఒక్కటీ గుర్తులేవు. ఆ మధ్యాహ్నమంతా వాటిని గుర్తుచేసుకోవాలని చూశాను, ఎందుకో తెలియదు.

అక్క నా పట్టికను మడిచి పుస్తకాల కింద పెట్టింది. తిట్టినా బాగుండేది.

సోమవారం ఆఫీసు తలుపు తీయకముందే మెట్ల మీద నిలబడ్డాం. బావ పనికి పోయే బట్టల్లోనే వచ్చాడు. ఏజెంటు వచ్చి, అందరినీ కూర్చోమని, విషయం విని నవ్వాడు.

"అరే అంకుల్, డిజైనర్ కీ గల్తీ హై. ఫొటో సే క్యా హోతా హై? ఫైల్ తో ఆజ్ భేజ్‌నా హై." తప్పు డిజైనర్‌దట, ఫొటోతో పనేముందట, ఫైలు ఇవాళే పంపాలట.

బావ రెండు పుస్తకాలూ బల్ల మీద పరిచి, రెండు చేతుల బొటనవేళ్లు రెండు అతుకుల మీద పెట్టాడు.

"దీవార్ చోరీ కా హై, బేటా. పహ్‌లే ఫైల్ దేదో."

గోడే దొంగసొత్తు, ముందు ఫైలు ఇచ్చెయ్యి అన్న ఆ మాట గట్టిగా అనలేదు. కానీ వెనక కుర్చీల్లో ఎదురుచూస్తున్నవాళ్లు విన్నారు. ఒకావిడ తన సంచిలోంచి అదే అట్ట ఉన్న పుస్తకం తీసి, లేచి మా బల్ల దగ్గరికి వచ్చింది. ఏజెంటు నవ్వు ఆగిపోయింది. సొరుగు తీయడానికి అతను కాసేపు తీసుకున్నాడు. అందులో ఫైలు లేకపోతే ఏం చేయాలో నాకు తెలియదు. రెండో సొరుగులో ఉంది. మేనకోడలు అక్కడే నిలబడి ఒక్కో కాగితం చూసుకుంది. పాస్‌పోర్టు పేజీలు మొదటి నుంచి చివరి దాకా తిప్పింది. ఫైలు నా చేతికిచ్చింది.

అది అసలు ఉన్న కాలేజీయో, బొమ్మ మాత్రమే దొంగిలించిన కాలేజీయో ఇప్పటికీ నాకు తెలియదు.

బయటికి వచ్చాక, "మక్క చేన్లదే ఖాయం జేస్త నాయినా" అంది పిల్ల. "గోడ పగిలితె అతికించుకున్నరు గద వాళ్లు."

"అతుకు మంచిగనే ఏసిండ్రు" అన్నాడు బావ. "ఇగ మీ మామను ఇంకో నాలుగు దినాలు చూడమను. ఖాళీ గళ్లు వాళ్లకే ఫోన్ చేసి అడగమను."

రోడ్డు దాటబోతూ ఆమె ఎడమ వైపు చూసి అడుగు వేసింది. కుడి నుంచి టాక్సీ వచ్చి మీదకి దూకినట్టే ఆగింది. బావ ఆమె భుజం సంచి పట్టుకుని వెనక్కి లాగాడు.

"అక్కడ ముందు ఇటు చూడాల్నట నాయినా. అలవాటు చేసుకుంటున్న."

"ఇంకా ఈడనే ఉన్నవ్ బిడ్డా. ఈడున్నన్ని దినాలు అటు చూడు."

చాల్ మెట్లెక్కే దాకా ఆ సంచి పట్టీని ఆయన వదల్లేదు. ఫైలు రెండు చేతులతో పట్టుకుని నేను వెనక నడిచాను.