మామగారు కూర్చున్న రాయి

ఆ రోజుల్లో కొంటాలో చాయ్ అడిగితే గోరువెచ్చని పానకం ఇచ్చేవారు. అది తాగి, బస్తర్ సంస్థానంలోని పాత రాళ్లు చూద్దామని మామగారితో ఎడ్లబండిలో బయలుదేరాను. దారి పక్కన వరసగా నిలబెట్టిన రాళ్లలో పొట్టిదాని మీద ఆయన హాయిగా చతికిలబడ్డారు. అవి చనిపోయినవాళ్ల గుర్తుగా నాటినవనీ, పోయినవాళ్లు సంతోషిస్తే రాయి పెరుగుతుందనీ బండివాడు అప్పుడు చెప్పాడు. ఇంతలో భుజాన గొడ్డలితో ఒక ముసలాయన వచ్చాడు. మామగారు లేవబోయి, లేవలేకపోయారు. మా ఆవిడకు ఈ సంగతి ఎలా చెప్పాలా అని నేను మాటలు వెతుక్కోసాగాను.

"కూసో, కూసో. మా నాయినకు సుట్టాలంటే ఇష్టమే," అన్నాడు ముసలాయన.

ఆయన మామగారిని తేరిపార చూసి, బండి వైపు తిరిగాడు.

"ఏందయ్యా, ఇంత మనిషిని ఆ బక్క ఎడ్లతోని లాగిస్తుండ్రు, సిగ్గు లేదా?"